రెండు కుడి బుగ్గలు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ టచింగ్ మాస్టారే. ఫోటో తీశాక మనిషి మొహం మీది మొటిమలు, మచ్చలు, కళ్ళ కింది నలుపు, బట్టతల మీది మెరుపు కంప్యూటర్లో చెరిపేసి నిగనిగలాడించే పనిని స్టూడియోల్లో టచింగ్ అంటారు. స్టూడియో పెట్టుకున్న ప్రతివాడూ అంతో ఇంతో చేసేదే. కానీ ఈయన చేస్తే ఎక్కడ చెయ్యి పెట్టాడో ఫోటో దిగినవాడు కూడా కనిపెట్టలేడు. గడ్డం కింద ఇంకో గడ్డం ఉన్న కాంట్రాక్టరు వస్తే ఒక్క గడ్డంతో ఇంటికి పంపించేవాడు. పళ్ళ సందులు పూడ్చేవాడు, నలిగిన చొక్కాలకి కూర్చున్న చోటునుంచే ఇస్త్రీ చేసేవాడు. నేను ఇంత బాగుంటానని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంటి అన్నట్టు జనం ఫోటోలు చూసుకుని మురిసిపోతూ మెట్లు దిగేవారు.

మనిషి మంచివాడా అంటే మంచివాడే. ఎవరి మనసూ కష్టపెట్టడు. ఆయన జబ్బు కూడా అదే. ఎదుటివాళ్ళు బాధపడతారని తెలిస్తే చాలు, నిజాన్ని మెల్లగా పక్కకి జరిపి దాని మీద ఇంకేదో అద్దేస్తాడు. మొహాల మీద చేసే పనిని మాటల మీద కూడా చెయ్యడం ఎప్పుడు మొదలుపెట్టాడో ఆయనకే తెలీదు. ఇలాంటి మంచివాళ్ళతో బయటివాళ్ళకి బాగానే ఉంటుంది. ఇంట్లోవాళ్ళ ప్రాణం మీదకే వస్తుంది.

ఆయన భార్య సముద్రం అవతల ఒక దేశంలో, ముసలివాళ్ళని చూసుకునే ఒక పెద్ద ఇంట్లో పనిచేస్తోంది. వాళ్ళకి స్నానాలు చేయించడం, తినిపించడం, మంచాన పడ్డవాళ్ళని ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పి పడుకోబెట్టడం. ఆవిడ వెళ్ళేటప్పటికి పెద్దది, ఆడపిల్ల, రెండో తరగతి. చిన్నాడికి ఇంకా చెప్పుల్లో కుడేదో ఎడమేదో తెలియదు. రెండేళ్ళలో వచ్చి పడతానని వెళ్ళిన మనిషి నాలుగేళ్ళైనా రాలేకపోయింది. అక్కడ ఉండనిచ్చే అనుమతి గట్టిపడేదాకా గడప దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరు. వచ్చేస్తే ఉద్యోగం పోతుంది, రాకపోతే పిల్లలు పోతున్నారు అని ఆవిడ ఫోనులో ఏడ్చేది. తన పిల్లలకి అన్నం పెట్టుకోలేక పరాయి ముసలివాళ్ళకి చెంచాతో తినిపిస్తున్నానని అనేది.

అలాంటిది, ఈ ఏడు ఒక దారి దొరికింది. ఆవిడ రాలేకపోయినా మొగుణ్ణీ పిల్లల్నీ రప్పించుకుని ఒక నెల దగ్గరుంచుకోవచ్చన్నారు. బడి సెలవులూ ఆవిడ సెలవూ ఒకేసారి కలిసొచ్చాయి. ఆవిడ సెలవు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో ఆ పైవాడికీ ఆ పెద్ద ఇంటి మేనేజరుకీ తప్ప ఎవరికీ తెలియదు. కాబట్టి వెళితే ఈ సెలవుల్లోనే వెళ్ళాలి.

ఇంక చూడాలి ఆవిడ హడావుడి. గది పంచుకునే ఇద్దరు ఆడవాళ్ళని బతిమాలి ఆ నెలరోజులూ వేరే చోట సర్దుకునేలా ఒప్పించింది. దుప్పట్లు కొంది. పిల్లల పాదాలు కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి పంపండి, బూట్లు ఇక్కడే కొంటాను అంది. చిన్నాడు పెన్సిలు గిలిగింత పెడుతోందని వేళ్ళు కదిలిస్తే, ఆ పాదం ఆరు వేళ్ళతో వచ్చింది. అది చూసి ఆవిడ అక్కడ ఎంత నవ్వుకుందో, ఆ తర్వాత ఎంత ఏడ్చిందో పంపిన మాటల్లోనే తెలిసిపోయింది. చిన్నాడు తన వంతుగా పెట్టెలో దిండు, బొంగరం, ఒక విరిగిన స్కేలు సర్దుకుని, విమానంలో ఇవి పట్టుకోనిస్తారా అని కనబడ్డవాళ్ళందరినీ అడుగుతున్నాడు. అమ్మని చూడగానే ఏమనాలి, పరిగెత్తాలా, నడిచి వెళ్ళాలా అని అక్కని అడిగాడు. వాడికి అమ్మంటే ఫోనులో అరచేతి మందాన కనిపించే మనిషే. నిలబడితే ఎంత పొడుగుంటుందో కూడా గుర్తులేదు.

ఇల్లంతా ఇలా గాల్లో తేలిపోతుంటే మాస్టారికి మాత్రం ముద్ద దిగడం లేదు. ఎందుకంటే, ఆవిడ తన కూతురి మొహం చూసి మూడేళ్ళైంది. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

అదెలాగో చెప్పాలంటే మూడేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అప్పట్లో స్టూడియోలో ఒక పాతకాలం లైటు ఉండేది. కాసేపు వెలిగితే దాని పక్కన నిలబడలేం. ఒకరోజు సాయంత్రం ఏదో ఆఫీసువాళ్ళంతా కలిసి గుంపుగా ఫోటో దిగడానికి వచ్చారు. మాస్టారు వెనక్కి నడుస్తూ, ఇంకొంచెం దగ్గరికి జరగండి, నవ్వండి అంటూ ఉన్నాడు. బడి నుంచి వచ్చిన కూతురు లైటు వెనక నేల మీద కూర్చుని ఆడుకుంటోంది. ఆయన కాలికి వైరు తగులుకుంది. లైటు స్టాండుతో సహా పడింది. పిల్ల ఎడమ చెంప మీదే పడింది.

ఆ రోజే భార్య ఫోను చేసింది. మాస్టారు ఆసుపత్రి వరండాలో నిలబడి, పిల్ల నిద్రపోయిందని చెప్పాడు. అప్పటికి ఆవిడ వెళ్ళి ఏడాది కూడా కాలేదు, రోజూ వచ్చేస్తానని ఏడుస్తోంది. ఇది చెబితే ఉన్నపళంగా బయల్దేరుతుంది, అప్పుచేసి ఆవిణ్ణి పంపిన ఖర్చంతా గంగలో కలుస్తుంది అనుకున్నాడు. మర్నాడూ పిల్ల నిద్రపోయింది. ఆ మర్నాడు స్నేహితురాలింటికి వెళ్ళింది. కట్టు విప్పాక చెబుదామనుకున్నాడు. కట్టు విప్పితే పచ్చిగా ఉంది, మానాక చెబుదామనుకున్నాడు. మానింది గానీ, కంటి కిందనుంచి దవడ దాకా చర్మం ముడతపడి, మెరుస్తూ, పెదవి మూలని కాస్త పైకి లాగి పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఈలోగా ఆవిడ ఫోటో పంపమని ప్రాణం తీస్తోంది. మాస్టారు కూతుర్ని కూర్చోబెట్టి ఫోటో తీశాడు. కంప్యూటరు ముందు కూర్చుని కుడి బుగ్గ మీది చర్మాన్ని కాస్త కాస్తగా ఎత్తి ఎడమ బుగ్గ మీద అద్దాడు. ఆయన జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు. ఈ ఒక్కసారికే అనుకున్నాడు. అప్పటినుంచి ఆ పిల్ల ప్రతి ఫోటోలోనూ రెండు కుడి బుగ్గలతోనే పెరిగింది. ఆవిడ వాటిని గోడ నిండా అంటించుకుంది. మీ అమ్మాయివి అచ్చం నీ బుగ్గలే అని అక్కడి ముసలమ్మలు అంటున్నారని మురిసిపోతూ చెప్పేది.

ఫోనులో చూసి మాట్లాడుకునేటప్పుడు ఎలా అంటే, ఆయన చేతికింద ఉన్నవి లైట్లే కదా. ఒక పక్కనుంచి దీపం పెట్టి ఎడమవైపు నీడ పడేలా చేసేవాడు. పెద్దదాన్ని పక్కకి తిప్పి కూర్చోబెట్టి, నీడ వైపు చిన్నాణ్ణి ఆనించేవాడు. చిన్నాడు నోరు జారకుండా వాడికి రోజూ ఏదో ఒకటి కొనిపెట్టేవాడు. మొదట్లో ఒక్కసారి ఆ పిల్ల, ఇలా ఎందుకు కూర్చోవాలి నాన్నా అని అడిగింది. అమ్మ చూస్తే ఏడుస్తుందమ్మా అన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లకి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. మళ్ళీ అడగలేదు. ఫోను మోగగానే తనే వచ్చి, చెప్పకుండానే ఆ వైపుకి తిరిగి కూర్చునేది. అది చూసి మాస్టారు, పిల్ల సర్దుకుపోయిందని ఊపిరి పీల్చుకునేవాడు. కన్నతండ్రి ఊపిరి పీల్చుకోవాల్సిన చోటా అది?

సరే, ప్రయాణం మాటకొద్దాం. పాస్‌పోర్టులకి ఫోటో ఆ ఆఫీసువాళ్ళే తీస్తారు. అక్కడ కూర్చున్నవాడు గడ్డం ఎత్తమని కూడా అనలేదు, టక్కున నొక్కేశాడు. పాస్‌పోర్టు ఇంటికి వచ్చాక మాస్టారు మొదటి పేజీ తెరిచి చూస్తే కూతురు ఉన్నది ఉన్నట్టు ఉంది. దాచడానికి నీడ కూడా లేదు. ఆ పిల్ల సొంత మొహంతో దిగిన ఫోటో మూడేళ్ళలో అదొక్కటే.

రప్పించుకునేది భార్య కాబట్టి వీసా దరఖాస్తు అక్కడినుంచి ఆవిడే పెట్టాలట. ముగ్గురి పాస్‌పోర్టుల మొదటి పేజీలూ స్కాన్ చేసి వెంటనే పంపండి అంది. మాస్టారు రెండు రోజులు స్కానరు పాడైందన్నాడు. మూడోరోజు ఆవిడ, పక్క షాపులో ఇంకో స్కానరు లేదా, మీకు మమ్మల్ని కలపడం ఇష్టం లేదా అని నిలదీసింది. ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. పేజీ స్కాన్ చేశాడు. వంకరగా వచ్చిందని సరిచెయ్యడానికి కంప్యూటర్లో తెరిచాడు. తెరిచాక చెయ్యి ఆగలేదు. కుడి బుగ్గని ఎత్తి ఎడమ బుగ్గ మీద అద్దేశాడు.

ఆయన లెక్క ఏమిటంటే, ఇది ఆవిడ కళ్ళకి మాత్రమే. ఆఫీసుకి అసలు కాపీ తనే విడిగా పంపొచ్చు, ముందు ఆవిణ్ణి దరఖాస్తు పెట్టే పద్ధతి అడిగి తెలుసుకున్నట్టు నటించి ఆ పని తన చేతిలోకి తీసుకోవచ్చు. ఇలాంటి లెక్కలు వెయ్యడంలో ఆయనంతటివాడు లేడు. కానీ అవతల ఉన్నది నాలుగేళ్ళుగా పిల్లల కోసం మొహం వాచి ఉన్న తల్లి. పేజీలు అందగానే, తన భోజనం వేళ మానుకుని మరీ కూర్చుని, దరఖాస్తు నింపేసి, అన్నీ ఎక్కించేసింది. సాయంత్రం ఫోను చేసి, పని అయిపోయిందండీ, ఇంక మీరు పిల్లల్ని తీసుకుని వీసా ఆఫీసుకి వెళ్ళడమే అంది. ఆ గొంతులో అంత సంతోషం ఆయన ఎన్నేళ్ళకి విన్నాడో.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆ పేజీ మార్చు, అది అసలుది కాదు అని ఒక్క మాట. అంటే ఎందుకు కాదు అని ఆవిడ అడుగుతుంది. ఆయన నీళ్ళు నమిలి, చాలా మంచిపని చేశావు అన్నాడు.

తప్పుడు కాపీ పంపామని ఎవరైనా గమనిస్తారా, గమనిస్తే ఏమవుతుందని ఆయన ఎవర్నీ అడగలేకపోయాడు. అడగాలంటే చేసింది చెప్పాలి. ఆఫీసువాళ్ళు చూసేది అసలు పాస్‌పోర్టే కదా, కాపీ ఎవడు చూస్తాడు అని తనకి తనే చెప్పుకున్నాడు. టికెట్లు చేతికొచ్చాక భార్యతో నెమ్మదిగా చెబుదామనుకున్నాడు. విమానం ఎక్కేముందు చెబితే ఇంకా మంచిదేమో అనుకున్నాడు. అసలు విమానాశ్రయంలో జనంలో చూస్తే అంత కోపం రాదేమో అని కూడా అనుకున్నాడు. అంత దూరం ఆలోచించినవాడికి, ఆ జనంలో నిలబడబోయే పిల్ల గురించి మాత్రం ఆలోచన రాలేదు.

ఆ పిల్లకి వచ్చింది. ఒకరోజు స్టూడియోలో, జనం తలదువ్వుకునే అద్దం దగ్గర నిలబడి, తాడుతో కట్టిన దువ్వెనని చేతిలో తిప్పుతూ అడిగింది.

"అక్కడికి వెళ్ళాక ఏ వైపు కూర్చోవాలి నాన్నా?"

ఆయనకి అర్థం కాలేదు.

"నెలంతా ఒకే గదిలో ఉంటాం కదా. అమ్మ అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. నేను అన్నిసార్లు తిరగలేనేమో. నిద్రపోయినప్పుడు ఎలా మరి?"

అది ఫిర్యాదు కాదు. బడిలో లెక్క అర్థంకాకపోతే అడిగినట్టే అడిగింది. ఇది జరిగేపని కాదని, మూడేళ్ళుగా తాను కట్టిన గోడ పిల్ల నెత్తిన నిలబడి ఉందని మాస్టారికి ఆ క్షణంలో తెలిసింది. తెలిసి ఆయన ఏం చేశాడు? అద్దం దగ్గరున్న పౌడరు డబ్బా అందుకున్నాడు. పిల్లని కూర్చోబెట్టి, ఏదో క్రీము రాసి, పైన పౌడరు అద్ది, దూరంగా జరిగి చూశాడు. దగ్గరికొచ్చి మళ్ళీ అద్దాడు. మచ్చ ఎక్కడికీ పోలేదు, తెల్లగా మాత్రం అయింది. పిల్ల అద్దంలో చూసుకుని ఏమీ అనకుండా వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. మనుషుల మీద టచింగ్ పనిచెయ్యదని తెలుసుకోవడానికి ఆయనకి ఇన్నేళ్ళు పట్టింది.

ఆ రాత్రి భార్యకి చెప్పేద్దామనే కూర్చున్నాడు. ఆవిడ ఫోనెత్తగానే, పెద్దదానికి కొన్న గౌను చూపించి, ఈ రంగు దాని బుగ్గలకి ఎలా నప్పుతుందో చూడండి అంది. ఆయన బాగుందన్నాడు. వీసా ఆఫీసు పని అయ్యాక చెబుతాను అనుకున్నాడు.

వీసా ఆఫీసు ఒక పెద్ద అద్దాల భవనం రెండో అంతస్తులో ఉంది. మాస్టారు పిల్లలకి ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు వేసి తీసుకెళ్ళాడు. చిన్నాడు ఇదే విమానాశ్రయమా అని అడిగాడు. టోకెను తీసుకుని కూర్చుంటే, గోడ మీద ఎర్రటి అంకెలు మారుతున్నాయి. ఒక్కో కౌంటరుకీ అద్దం, అద్దానికి మాట వినపడేలా చిల్లులు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు లోపల కూర్చున్నది కళ్ళజోడు పెట్టుకున్న ఒక ఆఫీసరమ్మ. మర్యాదగానే నవ్వింది. చిన్నాడి పాస్‌పోర్టు చూసింది, వాణ్ణి చూసింది, పక్కన పెట్టింది. పెద్దదాని పాస్‌పోర్టు తెరిచింది. పిల్లని చూసింది. కంప్యూటర్లోకి చూసింది. మళ్ళీ పిల్లని చూసింది. నవ్వు పోయింది.

"ఈ పాప మీ అమ్మాయేనా సార్?"

అవునన్నాడు. ఆవిడ కంప్యూటరు తెరని ఆయన వైపు తిప్పింది. మరి ఈ పేజీలో ఉన్న పాప ఎవరని అడిగింది. మాస్టారు తెరవైపు చూశాడు. తాను అద్దిన బుగ్గ అంత పెద్దదిగా, అంత నున్నగా ఆయన ముందు వెలుగుతోంది. చివరికి, ప్రింటు మరకలుగా వచ్చిందని కొంచెం శుభ్రం చేశానండి అన్నాడు. అక్కడ కూడా నిజం రాలేదు ఆ నోటికి.

ఆఫీసరమ్మ గొంతు పెంచలేదు. ప్రభుత్వం ఇచ్చిన పేజీని దిద్దడం చిన్న విషయం కాదని చెప్పింది. ఒక పిల్ల పేరు మీద ఇంకో పిల్లని దేశం దాటించేవాళ్ళు తన కౌంటరు ముందు చాలామంది నిలబడ్డారని, వాళ్ళూ ఇలాగే ఇస్త్రీ బట్టలు వేసి తీసుకొస్తారని, ఈ పాప ఎవరో తేల్చకుండా తాను కదలనని చెప్పింది. తల్లి నంబరు దరఖాస్తులో ఉంది, ఆవిడనే అడుగుతానంటూ ఫోను దగ్గరికి లాక్కుంది.

మాస్టారు అద్దం చిల్లులకి మొహం ఆనించి, "ముందు నన్ను ఒక్క మాట మాట్లాడనివ్వండి మేడమ్. ఒక్కటంటే ఒక్క మాట" అన్నాడు.

"అదే కుదరదు సార్. మీరు నేర్పించిన మాట నాకు అక్కర్లేదు" అంది ఆవిడ. స్పీకరు నొక్కి ఫోను బల్ల మీద పెట్టింది.

అటునుంచి భార్య గొంతు ఆత్రంగా వచ్చింది. ఈ రోజు వాళ్ళ పని ఉందని తెలుసు కాబట్టి ఫోను చేతిలోనే పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆఫీసరమ్మ తానెవరో చెప్పి, మీ అమ్మాయి మొహం మీద గుర్తులేమైనా ఉన్నాయా అని అడిగింది. లేవండీ అంది ఆవిడ. బాగా ఆలోచించి చెప్పండి, ఎడమ బుగ్గ మీద అంది ఆఫీసరమ్మ. ఆవిడ నవ్వింది.

"నా కూతురి బుగ్గ నాకు తెలీదా మేడమ్? మచ్చ కాదు కదా, నలుసంత పుట్టుమచ్చ కూడా లేదు. రోజూ చూస్తూనే ఉన్నాను."

"నా ముందున్న పాపకి ఉంది. కంటి కింద నుంచి దవడ దాకా కాలిన మచ్చ."

అటునుంచి తర్వాత వచ్చిన గొంతు వేరేలా ఉంది.

"అయితే ఆ పిల్ల నా కూతురు కాదు మేడమ్. మా ఆయన ఎవర్ని తీసుకొచ్చారు? నా కూతురేది? నా కూతురికేమైంది?"

మాస్టారు పక్కకి చూడలేకపోయాడు. తన పక్కన ఒక పదకొండేళ్ళ పిల్ల నిలబడి, నువ్వు నా కూతురివి కాదని తల్లి చెప్పడం వింటోంది. ఆ మాట తల్లి నోట పలికించింది తనే. ఇంకెవరూ కాదు. నేల చీలి మింగేస్తే బాగుండునని చాలామంది అంటుంటారు, ఆయన ఆ క్షణంలో నిజంగానే కోరుకున్నాడు.

పిల్ల ముందుకి జరిగింది. మునివేళ్ళ మీద లేచి చిల్లుల దగ్గర నోరు పెట్టింది.

"అమ్మా, నేనేనమ్మా. ఆ మచ్చ నాదే."

ఇంకోసారి మాట్లాడమంది తల్లి. పిల్ల మళ్ళీ అదే మాట అంది. ఎప్పుడు అని అడిగింది తల్లి. మూడో తరగతిలో, లైటు పడింది అని చెప్పింది పిల్ల.

"నొప్పి పెట్టిందా తల్లీ?"

"అప్పుడు పెట్టింది. ఇప్పుడేం లేదమ్మా."

"నాకెందుకు చెప్పలేదు?"

పిల్ల తండ్రివైపు చూసింది. ఆయన తలదించుకున్నాడు. "చూస్తే ఏడుస్తావని" అంది. చిల్లులకి ఇంకాస్త దగ్గరగా జరిగి, "చూశాక రావద్దంటావేమోనని" అంది. ఆ రెండో ముక్క మాస్టారు చెప్పింది కాదు. మూడేళ్ళు నీడవైపు కూర్చుని కూర్చుని ఆ పిల్ల తనకి తానే నేర్చుకున్నది.

తల్లి ఏడుస్తూనే ఆఫీసరమ్మని పిలిచింది. "రాసుకోండి మేడమ్. ఆ మచ్చ ఉన్న పిల్లే నా కూతురు. ఎక్కడ రాయాలో అక్కడ రాసుకోండి."

ఆఫీసరమ్మ రాసుకుంది. పాప ఎవరో తనకి అనుమానం లేదంది. కానీ దిద్దిన పేజీ దిద్దిన పేజీయే, దాన్ని తాను చూడనట్టు వదిలెయ్యలేనంది. ఈ దరఖాస్తు కొట్టేస్తున్నానని, ఏడాది దాటాకే మళ్ళీ పెట్టుకోవచ్చని చెప్పింది. చెప్పేటప్పుడు మాస్టారి వైపు కాకుండా ఫోను వైపు చూసి చెప్పింది. మాస్టారు చేతులు జోడించాడు. తప్పు తనది, తనని ఆపెయ్యండి, పిల్లలిద్దర్నీ పంపించండి, ఎవరితోనైనా పంపిస్తానన్నాడు. వాళ్ళమ్మకి మళ్ళీ సెలవు దొరకదండీ అన్నాడు. ఆయన బతిమాలుతుంటే వెనక టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళు తలలు తిప్పుకున్నారు. ఆఫీసరమ్మ మూడు పాస్‌పోర్టులూ చిన్న సందులోంచి ఇవతలికి తోసింది. ఆవిడ చేతిలో ఏమీ లేదని ఆయనకీ తెలుసు.

ఇంక మిగిలింది భార్యే. మాస్టారు చిల్లుల దగ్గరికి వంగి, నా మాట కాస్త విను అన్నాడు. అటునుంచి ఆయనకి జవాబు రాలేదు. పిల్లకి వచ్చింది.

"మీ నాన్నని మాట్లాడనివ్వకమ్మా. నువ్వు చెప్పు. మొదటినుంచీ నువ్వే చెప్పు, నేను వింటాను."

ఆఫీసరమ్మ ఫోను కట్ చెయ్యలేదు. దాన్ని అద్దానికి ఇంకాస్త దగ్గరగా జరిపి, తర్వాతి టోకెనువాళ్ళని పక్క కౌంటరుకి వెళ్ళమని సైగ చేసింది. పిల్ల గొంతు సవరించుకుని, ఆ రోజు బడినుంచి వచ్చాక బూట్లు కూడా విప్పలేదమ్మా అంటూ మొదలుపెట్టింది. దాని గురించి ఆ పిల్ల నోరువిప్పడం అదే మొదటిసారి. మాస్టారు ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.

చిన్నాడు ఆయన చొక్కా పట్టుకుని లాగాడు. అయితే మనం అమ్మ దగ్గరికి వెళ్ళట్లేదా అని అడిగాడు. ఆయన నోటికి అలవాటైన మాటలు ఎన్నో ఉన్నాయి, తర్వాత వెళదామని, ఆఫీసువాళ్ళు ఇంకో రోజు రమ్మన్నారని. ఆయన వాడి పక్కన నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"వెళ్ళట్లేదు నాన్నా" అన్నాడు. "నా వల్లే వెళ్ళట్లేదు."